విద్యార్థుల కోసం పద్దెనిమిది అంతస్తుల కలప భవనం

కెనడాలోని వాంకూవర్ నగరానికి పడమటి కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల మీద బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఉంది. 50 వేలకు పైగా విద్యార్థులు చదువుకునే ప్రాంగణం అది. తరగతులు, ప్రయోగశాలలు, గ్రంథాలయాలు, బస్సులు, సైకిళ్లతో ఏడాది పొడవునా సందడిగా ఉంటుంది. 2016 వేసవిలో ఆ సందడి మధ్య ఒక ఎత్తైన భవనం లేచింది. మామూలుగా అలాంటి చోట వినిపించే సెంట్రింగ్ సుత్తుల మోత, వరుసగా నిలబడే కాంక్రీటు లారీలు అక్కడ ఎక్కువ రోజులు కనిపించలేదు. లారీ మీద వచ్చిన చెక్క పలకను క్రేన్ నేరుగా పైకి ఎత్తేది. పట్టుమని పది మంది కూడా లేని బృందం దాన్ని స్థానంలో కూర్చోబెట్టి బిగించేది. 70 రోజులు తిరగకుండానే 18 అంతస్తుల భవనానికి కలప అస్థిపంజరం పూర్తయింది.

ఆ భవనం పేరు బ్రాక్ కామన్స్ టాల్‌వుడ్ హౌస్. ఎత్తు సుమారు 53 మీటర్లు. 2017లో 404 మంది విద్యార్థులకు వసతి గృహంగా తెరుచుకుంది. అప్పటికి ప్రపంచంలో ఉన్న ఎత్తైన కలప భవనాల్లో అది ముందు వరుసలో నిలిచింది. ఆ తర్వాత నార్వేలో 2019లో, అమెరికాలోని మిల్వాకీలో 2022లో అంతకంటే ఎత్తైనవి వచ్చాయి. అయినా ఇంజినీర్లు ఇప్పటికీ ఈ వసతి గృహాన్నే ఎక్కువగా ఉదాహరణగా చూపుతారు. కలపతో కట్టేటప్పుడు ఎదురయ్యే ప్రశ్నలన్నీ, అంటే నిప్పు, నీరు, భూకంపం, కుంగుదల, ఇరుకు స్థలం, ఇక్కడ ఒకేచోట ఎదురయ్యాయి. వాటికి ఇచ్చిన జవాబులు కూడా చాలావరకు నమోదై ఉన్నాయి.

కలప ఇల్లు మనకు కొత్త కాదు. టేకు స్తంభాలు, దూలాలు, వాసాలతో నిలిచిన మండువా ఇళ్లు గోదావరి జిల్లాల్లో నేటికీ ఉన్నాయి. అయితే అవి ఒకటి, మహా అయితే రెండు అంతస్తులు. చెట్టు నుంచి కోసిన దూలం ఎంత గట్టిదైనా దాని పొడవు, మందం చెట్టు పెరిగిన మేరకే ఉంటాయి. పైగా అందులో ముడులు, పగుళ్లు ఉంటాయి. ఇరవై అంతస్తుల బరువు మోయాలంటే ప్రతి ముక్క బలం ఎంతో ముందే కచ్చితంగా తెలియాలి. అడవి నుంచి వచ్చిన దుంగ ఆ హామీ ఇవ్వదు.

అడ్డం, నిలువు

వానాకాలంలో తలుపు బిగుసుకుపోవడం ప్రతి ఇంట్లో తెలిసిన విషయమే. ఆ తలుపు వెడల్పు వైపే ఉబ్బుతుంది తప్ప ఎత్తు పెరగదు. చెట్టు కాండంలోని కణాలు సన్నని గొట్టాల్లా నిలువుగా పేర్చి ఉంటాయి. తేమ చేరినప్పుడు ఆ గొట్టాల గోడలు లావెక్కుతాయి. పొడవు మాత్రం దాదాపు మారదు. పచ్చి కలప పూర్తిగా ఎండితే నారకు అడ్డంగా, వలయాల దిశలో 6 నుంచి 10 శాతం దాకా కుంచించుకుపోవచ్చు. నార వెంట ఆ మార్పు 0.1 నుంచి 0.2 శాతమే. బలం విషయంలోనూ అంతే. నార వెంట నొక్కితే కలప చాలా బరువు మోస్తుంది. అడ్డంగా నొక్కితే అదే కలప చాలా తక్కువ భారానికే నలుగుతుంది.

ఒక దిశలో గట్టిది, మరో దిశలో మెత్తనిది అయిన ఈ పదార్థాన్ని రెండు దిశల్లోనూ గట్టిగా చేయడానికి 1990ల్లో ఆస్ట్రియా, జర్మనీ పరిశోధకులు ఒక ఉపాయాన్ని పారిశ్రామిక స్థాయికి తెచ్చారు. ఎండబెట్టిన పలకలను పక్కపక్కన పరిచి, వాటి మీద మరో వరుసను అడ్డంగా, దాని మీద ఇంకో వరుసను మళ్లీ నిలువుగా పరిచి, మధ్యలో జిగురు పూసి భారీ ప్రెస్‌లో నొక్కుతారు. దీన్ని క్రాస్ లామినేటెడ్ టింబర్, క్లుప్తంగా సీఎల్‌టీ అంటారు. ఒక పొర ఉబ్బబోతే దానికి అడ్డంగా అతుక్కున్న పొర కదలనివ్వదు. ప్లైవుడ్ సూత్రమే ఇది, కాకపోతే కొలతలు వేరు. ప్లైవుడ్ పొర కాగితంలా పలుచన, ఇక్కడ ఒక్కో పొర వేలెడు మందం. గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన గెర్హార్డ్ షిక్‌హోఫర్‌కు ఈ రంగంలో చేసిన కృషికి 2019లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి దక్కింది.

స్తంభాలకు మరో పద్ధతి వాడతారు. వాటిలో బరువు ఒకే దిశలో దిగుతుంది కాబట్టి పలకలన్నింటినీ నార ఒకే వైపు ఉండేలా అతికిస్తారు. దీని పేరు గ్లులామ్. ముడి ఉన్న ముక్కలను ముందే కోసి తీసేస్తారు, మిగిలినవి అనేక పొరలుగా కలిసిపోతాయి. ఒక పలకలో లోపం మిగిలినా పక్క పలకలు ఆ లోటు పూడుస్తాయి.

టాల్‌వుడ్ హౌస్‌లో మొదటి అంతస్తు కాంక్రీటుది. దాని కప్పు మీద నుంచి పైకి 17 అంతస్తులు కలపతో కట్టారు. ఒక్కో కలప అంతస్తుకు 29 సీఎల్‌టీ పలకలు చొప్పున 16 అంతస్తుల నేలకు మొత్తం 464 పలకలు పట్టాయి. వాటిని మోసే స్తంభాలు దాదాపు 1,300. పలకలో ఐదు పొరలు, మందం 169 మిల్లీమీటర్లు. దూలాలు అసలు లేవు. పలక నేరుగా స్తంభాల మీద, 2.85 మీటర్లకు 4 మీటర్ల గడుల్లో కూర్చుంటుంది. దూలం లేకపోతే అంతస్తు ఎత్తు తగ్గుతుంది, పైపులు అడ్డు లేకుండా నడుస్తాయి, పని వేగం పెరుగుతుంది. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. స్తంభం తల దగ్గర పలక మీద పడే ఒత్తిడికి మధ్య పొరల్లోని నారలు పక్కపక్కన పెట్టిన పెన్సిళ్లలా దొర్లడానికి ప్రయత్నిస్తాయి. ఇంజినీర్లు దీన్ని రోలింగ్ షియర్ అంటారు. కాగితం మీది లెక్కతో సరిపెట్టుకోకుండా పూర్తి పరిమాణపు పలకలను ప్రయోగశాలలో విరిగేదాకా నొక్కి చూశాకే ఈ అమరికను ఖాయం చేశారు.

నిలబెట్టడానికి ముందే

ప్రాంగణంలో వేగంగా జరిగిన పని వెనుక కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన పని చాలా ఉంది. భవనంలోని ప్రతి స్తంభం, పలక, బోల్టు, నీటి పైపు, కరెంటు తీగ వెళ్లే రంధ్రం త్రిమితీయ నమూనాలోకి ఎక్కాయి. కాంక్రీటు భవనంలో పైపు కోసం రంధ్రం మర్చిపోతే డ్రిల్ తెచ్చి తొలుస్తారు. ఇక్కడ ఆ నమూనా నేరుగా కర్మాగారంలోని కోత యంత్రానికి వెళ్తుంది. రంధ్రాలు అక్కడే, మిల్లీమీటరు స్థాయిలో పడతాయి. తప్పు జరిగితే అది కూడా అంతే కచ్చితంగా 16 అంతస్తుల్లో పునరావృతమవుతుంది. అందుకే ముందుగా రెండు అంతస్తుల భాగాన్ని నిజమైన పరిమాణంలో కట్టి చూశారు. ఏ జోడింపు తేలికగా కూర్చుంటుంది, పనివాడి చేయి ఎక్కడ పట్టదు అన్న సంగతులు ఆ నమూనాలోనే బయటపడ్డాయి. తీసిన జాగ్రత్తల్లో అన్నింటికంటే బాగా గిట్టుబాటైనది ఇదేననుకోవచ్చు.

కలప భాగాలు బ్రిటిష్ కొలంబియాలోనే, వాంకూవర్‌కు తూర్పున ఉన్న పెంటిక్టన్ పట్టణంలో తయారయ్యాయి. ప్రాంగణంలో సరుకు దించి నిల్వ చేయడానికి చోటు లేదు. అందువల్ల లారీలో పలకలను ఏ వరుసలో బిగించాలో ఆ వరుసలోనే పేర్చారు. ముందు కావలసినది పైన, చివర కావలసినది అడుగున. లారీ రాగానే క్రేన్ పలకను ఎత్తుతుంది, అది గాల్లో ఉండగానే పైన బృందం సిద్ధంగా ఉంటుంది. అంతస్తుకు వారం చొప్పున వేసుకున్న లెక్క పని అలవాటయ్యాక మారిపోయి, వారానికి రెండు అంతస్తుల దాకా వెళ్లింది. ఆ స్థలం పక్కనుంచి నడిచే విద్యార్థులకు ఇది నేరుగా ఉపయోగం. లారీల రాకపోకలు, దుమ్ము, చప్పుడు తగ్గాయి. అన్నింటికంటే ముఖ్యంగా నిర్మాణం సాగే కాలమే తగ్గింది.

అయితే వేగానికి మరో కారణం కూడా ఉంది. వాంకూవర్ వానల ఊరు. తడిసిన కలప ఉబ్బుతుంది, ఎక్కువ కాలం తడిగా ఉంటే బూజు, కుళ్లు పడతాయి. కలపలో తేమ 20 శాతం దాటకుండా ఉన్నంతవరకు కుళ్లు శిలీంధ్రాలు పెరగలేవన్నది సాధారణ సూత్రం. కలప పనిని ఎండలు కాసే జూన్ నుంచి ఆగస్టు మధ్యకు జరిపారు. పలకల పైభాగానికి నీరు ఇంకని పూత వేశారు. కిటికీలు కూడా బిగించి తెచ్చిన బయటి గోడ పలకలను కింది అంతస్తుల చుట్టూ వెంటవెంటనే తొడుగుతూ పోయారు. పైన అస్థిపంజరం లేస్తుంటే, కొన్ని అంతస్తుల కింద చర్మం కప్పుకుంటూ వచ్చినట్టు.

కాలినా నిలబడుతుందా?

వసతి గృహం అనగానే వచ్చే మొదటి ప్రశ్న నిప్పు. అర్ధరాత్రి నాలుగు వందల మంది నిద్రపోతున్న చెక్క భవనం అంటే ఎవరికైనా భయం వేస్తుంది. పుల్ల వేరు, దుంగ వేరు అని పొయ్యి వెలిగించిన ఎవరికైనా తెలుసు. పుల్ల భగ్గున మండి బూడిదవుతుంది. లావుపాటి దుంగ పైన నల్లబడి, చాలాసేపటి తర్వాత చీల్చి చూసినా లోపల పచ్చిగానే ఉంటుంది. పైన ఏర్పడిన బొగ్గు పొర వేడిని లోపలికి పోనివ్వదు. మెత్తని జాతి కలపలో ఈ బొగ్గు పొర నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి జరుగుతుంది. అంటే గంటకు దాదాపు 4 సెంటీమీటర్లు. ఇంత నికరంగా లెక్క కట్టగలగడమే భారీ కలపకున్న అనుకూలత. ఉక్కు మండదు కానీ 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర తన బలంలో చాలా భాగం కోల్పోయి వంగిపోతుంది.

ఈ లెక్కను టాల్‌వుడ్ స్తంభానికి వేసి చూద్దాం. దాని వెడల్పు 265 మిల్లీమీటర్లు. రెండు గంటలు మంటల్లో ఉంటే ప్రతి వైపు నుంచి 8 సెంటీమీటర్ల చొప్పున పోగా మధ్యలో మిగిలేది పదిన్నర సెంటీమీటర్లే. మీద పదిహేను అంతస్తుల బరువున్న స్తంభానికి అది చాలదు. కాబట్టి రూపకర్తలు బొగ్గు పొరను నమ్ముకోలేదు. స్తంభాలను, పలకల అడుగు భాగాన్ని మంటను ఆపే జిప్సం బోర్డులతో అనేక పొరలుగా కప్పేశారు. జిప్సంలో రసాయనికంగా బంధించిన నీరు ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరయ్యేదాకా బోర్డు వెనుక ఉష్ణోగ్రత పెద్దగా పెరగదు. ప్రతి గదిలో స్ప్రింక్లర్లు, వాటికి విడిగా నీటి ట్యాంకు కూడా ఉన్నాయి. ఫలితంగా ఆ గదుల్లో నివసించే విద్యార్థికి తాను చెక్క భవనంలో ఉన్నానని తెలిసే గుర్తులు చాలా తక్కువ. కలప అందం చూపించలేకపోయారన్న విమర్శ వచ్చింది. అది నిజమే కానీ, అప్పటి పరిస్థితిలో వేరే దారి లేదు.

అప్పట్లో ఆ రాష్ట్ర నిర్మాణ నిబంధనలు కలప నివాస భవనాలకు ఆరు అంతస్తుల వరకే అనుమతించేవి. ఈ ఒక్క స్థలానికి ప్రత్యేక నిబంధన రాయించుకోవలసి వచ్చింది. దాని కోసం అగ్నిమాపక నిపుణులు, శాస్త్రవేత్తలు, ప్రాజెక్టుతో సంబంధం లేని ఇంజినీర్లు డ్రాయింగులను పరీక్షించారు. కలపను బోర్డులతో మూసేయడం, మెట్లు, లిఫ్టులు ఉండే రెండు నిలువు గొట్టాలను కాంక్రీటుతో కట్టడం ఈ అనుమతి తేలికగా రావడానికే. ఆ గొట్టాలను కూడా కలపతో కట్టి ఉండవచ్చు. కానీ వాటిని పరీక్షించి ఆమోదం పొందేసరికి ఏళ్లు గడిచేవి, అప్పటిదాకా గదుల కోసం ఎదురుచూసేది విద్యార్థులు.

భూమి కదిలితే

వాంకూవర్ తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో కాస్కేడియా అనే పలకల సరిహద్దు ఉంది. 1700 జనవరి 26న అక్కడ వచ్చిన మహా భూకంపం సునామీని జపాన్ దాకా పంపింది. భూకంపంలో భవనం మీద పడే బలం దాని ద్రవ్యరాశిని బట్టి ఉంటుంది. 169 మిల్లీమీటర్ల సీఎల్‌టీ చదరపు మీటరుకు సుమారు 85 కిలోలు తూగుతుంది. 200 మిల్లీమీటర్ల కాంక్రీటు శ్లాబు 480 కిలోలు. నిజానికి ఇక్కడ పలక మీద 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కూడా పోశారు. కింది గదివాళ్లకు పై గదిలోని అడుగుల చప్పుడు వినిపించకుండా ఉండటానికి, నిప్పుకు మరో అడ్డుగోడగా. తమాషా ఏమిటంటే ఆ పలుచని పూత బరువు చదరపు మీటరుకు 96 కిలోలు, కింద ఉన్న కలప కంటే ఎక్కువ. అయినా రెండూ కలిపి 180 కిలోలకు అటూ ఇటూగానే ఉంటాయి. భవనం తేలికైతే పునాది కూడా చిన్నదవుతుంది. పక్కకు ఊపే బలాన్ని మోసే పని మాత్రం పూర్తిగా ఆ రెండు కాంక్రీటు గొట్టాలదే. ఉక్కు పట్టీలు ప్రతి అంతస్తు పలకను వాటికి కలుపుతాయి.

ఇక్కడే మరో సమస్య దాగి ఉంది. కలప స్తంభం భారం కింద కాలక్రమేణా కొద్దిగా పొట్టిదవుతుంది, కాంక్రీటు గొట్టం అంతగా పొట్టి కాదు. అంతస్తుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున అనుకున్నా పై అంతస్తుకు చేరేసరికి తేడా మూడు నుంచి ఐదు సెంటీమీటర్లవుతుంది. లిఫ్టు గడప దగ్గర నేల వాలిపోవడానికి అది చాలు. అడ్డంగా నలిగే స్వభావం తలనొప్పి కాకుండా, పై స్తంభం బరువు మధ్యనున్న పలకను నొక్కకుండా ఉక్కు గొట్టం ద్వారా నేరుగా కింది స్తంభం తల మీదికి దిగేలా జోడింపును రూపొందించారు. నార వెంట మిగిలిన కుంగుదలకు సరిపడా కొన్ని అంతస్తుల్లో స్తంభాల కింద పలుచని ఉక్కు రేకులు పెట్టి ముందే కాస్త ఎత్తు పెంచారు. నీటి పైపులకు వంగే జోడింపులు ఇచ్చారు. ఎంత తేమ, ఎంత కుంగుదల అన్నది కొలవడానికి పలకల్లో, స్తంభాల వెంట సెన్సర్లు అమర్చారు. విశ్వవిద్యాలయ పరిశోధకులకు ఆ వసతి గృహం ఒక ప్రయోగశాల కూడా.

జిగురు చేసిన మోసం

అంతా సాఫీగా సాగుతుందన్న ధీమాకు మరో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గట్టి దెబ్బ తగిలింది. 2018 మార్చిలో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అటవీ విద్యా కళాశాల కోసం పీవీ హాల్ కడుతుండగా, పై అంతస్తు సీఎల్‌టీ పలకలోని అడుగు పొరలు ఊడి కింది అంతస్తు మీద పడ్డాయి. ఎవరికీ గాయాలు కాలేదు. కారణం వెతికితే కర్మాగారంలో దొరికింది. అతికించడానికి ముందు కొన్ని పలకలను వేడి చేశారు. ఆ వేడికి జిగురు ప్రెస్‌లో నొక్కకముందే గట్టిపడటం మొదలుపెట్టింది. పైకి చూస్తే పలక నున్నగా, లోపం లేనట్టే ఉంది. పాత వడ్రంగి దూలాన్ని తట్టి, చూసి గట్టిదనం చెప్పేవాడు. జిగురు కలపలో అది కుదరదు. నాణ్యత అంతా తయారీ దశలో పాటించే క్రమశిక్షణ మీదే ఆధారపడి ఉంటుంది. ఆ ప్రాజెక్టులో అనుమానమున్న పలకలను మార్చి, భవనాన్ని ఆ తర్వాత పూర్తి చేశారు. నిప్పులో పొరలు ఊడిపోకుండా ఎక్కువ వేడిని తట్టుకునే జిగురే వాడాలని 2018లో ఉత్తర అమెరికా ప్రమాణాన్ని కూడా సవరించారు.

కార్బన్ పద్దు

ఇంత శ్రమ ఎందుకంటే, ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తున్నాయి. చెట్టు పెరిగేటప్పుడు గాలిలోని ఆ వాయువును తీసుకుని కలపగా మారుస్తుంది. టాల్‌వుడ్ హౌస్‌లో 2,233 ఘనపు మీటర్ల కలప ఉంది. అందులో 1,753 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కార్బన్ నిల్వ ఉందని ప్రకటించారు. ఈ అంకెను పాఠశాల గణితంతో సరిచూడవచ్చు. ఎండు కలప ఘనపు మీటరుకు సుమారు 430 కిలోలు, అందులో సగం కార్బన్. అంటే 215 కిలోలు. కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 44తో గుణించి 12తో భాగిస్తే 788 కిలోలు. 2,233 ఘనపు మీటర్లకు అది దాదాపు 1,760 టన్నులు. లెక్క కుదిరింది.

అయితే పద్దులో రెండో పేజీ కూడా ఉంది. ఆ కార్బన్ భవనం నిలిచినంత కాలమే నిల్వ ఉంటుంది. కూల్చాక కలపను కాల్చేస్తే తిరిగి గాలిలోకే వెళ్తుంది. నరికిన చోట అడవి మళ్లీ పెరగకపోతే నిల్వ అన్న మాటకే అర్థం లేదు. కాంక్రీటు, ఉక్కు వాడకం తగ్గడం వల్ల మరో 679 టన్నులు తప్పాయన్నది కూడా అంచనాయే. వేరే పద్ధతిలో కట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించి పోల్చిన సంఖ్య అది. అడవులు విస్తారంగా ఉన్న బ్రిటిష్ కొలంబియాకు సరిపోయే లెక్క కలప దిగుమతి చేసుకునే దేశానికి యథాతథంగా సరిపోదు.

భారతదేశంలో కేంద్ర ప్రజా పనుల విభాగం అడవులను కాపాడేందుకు 1993లో తన భవనాల్లో కలప వాడకాన్ని నిషేధించి, 2020లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. తోటల్లో పెంచిన కలప అందుబాటులోకి రావడం, ఉక్కు, అల్యూమినియం, ప్లాస్టిక్‌ల కార్బన్ భారం తెలిసిరావడం అందుకు నేపథ్యం. కోస్తా ఉక్కపోతలో, చెదలు తిరిగే నేల మీద జిగురు పలకలు ఎలా నిలుస్తాయన్నది వాంకూవర్ సెన్సర్లు చెప్పలేవు. దానికి ఇక్కడి కలపతో, ఇక్కడి వాతావరణంలో విడిగా పరీక్షలు కావాలి.

బ్రిటిష్ కొలంబియాలో మాత్రం నిబంధనలు కదిలాయి. 2019లో 12 అంతస్తుల దాకా, 2024లో నివాస, కార్యాలయ భవనాలకు 18 అంతస్తుల దాకా భారీ కలపకు మామూలు అనుమతి లభిస్తోంది. 404 మంది విద్యార్థుల కోసం ఒకప్పుడు ఒక్క స్థలానికి రాయించుకున్న మినహాయింపు ఎత్తుకే ఇప్పుడు సాధారణ నిబంధన చేరింది.